పిల్లికి లంఖణం పరమౌషధం కాదు

హౌరా స్టేషను నుంచి సౌత్ ఈస్టర్న్ రైల్వే మార్గంలో బయలుదేరితే మొట్టమొదట వచ్చే స్టేషను టికియాపారా. హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, కోల్‌కతా నగరానికి ఎదురుగా, లోకల్ రైళ్ల కార్‌షెడ్డు చుట్టూ పెరిగిన పేట అది. పోత కర్మాగారాలకూ లేతు యంత్రాలకూ పేరుపొందిన హౌరాను ఒకప్పుడు ‘తూర్పుదేశపు షెఫీల్డు’ అనేవారు. ఆ పేరు తెచ్చిన పనివాళ్లలో ఎందరో ఇటువంటి సందులలో కాపురమున్నవారే. ఇరుకైన ఇండ్లు, ఇండ్ల ప్రక్కనే చిన్న వర్క్‌షాపులు, వాటి నడుమ చేపల బుట్టలు. ఇటువంటి చోట ఎలుకలకు కొదువ ఉండదు. ఎలుకలున్న చోట పిల్లికి ఆదరణ తప్పదు.

బెంగాలీల ఇండ్లలో పిల్లికి మరొక గౌరవం కూడా ఉన్నది. పసిబిడ్డలను కాపాడే షష్ఠీదేవికి వాహనం పిల్లి. తెలుగునాట ప్రయాణానికి బయలుదేరినప్పుడు పిల్లి ఎదురైతే వెనుదిరిగి కాసేపు కూర్చుని, మంచినీళ్లు త్రాగి మళ్లీ బయలుదేరేవారు ఈనాటికీ ఉన్నారు. అక్కడ మాత్రం పిల్లిని కొట్టడానికి ఇల్లాలి చేయి రాదు.

అటువంటి పెంపుడు పిల్లి ఒకనాడు ఉదయం గిన్నెవంక చూసి తల త్రిప్పుకొంటుంది. మూలకు పోయి పచ్చని నురుగు కక్కుతుంది. సాయంత్రం మళ్లీ కక్కుతుంది. ఏమి తిన్నదో, ఏమి తగిలిందో ఎవరికీ తెలియదు. “వేడి చేసింది” అంటారొకరు. “వెంట్రుకల ఉండ అడ్డుపడి ఉంటుంది” అంటారు మరొకరు. “రెండు రోజులు కడుపు మాడ్చనివ్వండి, అదే సర్దుకొంటుంది” అంటారు పెద్దలు. మొదటి రెండు మాటలలో ఎంతో కొంత నిజం ఉండవచ్చు. మూడవ మాట మాత్రం పిల్లి ప్రాణం తీయగలదు. లంఖణం పరమౌషధమన్న సామెత మనిషికి ఎంతవరకు వర్తిస్తుందో వైద్యులు చెప్పాలి. పిల్లికి మాత్రం అది బొత్తిగా వర్తించదు.

ఆకలి కాలేయాన్ని కాటువేసే విధం

పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. మనిషి గాని, కుక్క గాని కొన్నాళ్లు గంజి మీద కాలక్షేపం చేయవచ్చు. పిల్లి చేయలేదు. ఆహారం అందకపోయినా దాని కాలేయం మాంసకృత్తులను విరుగగొట్టే పనిని తగినంతగా తగ్గించుకోలేదు. ఆ పనిలో అమోనియా అనే విషం పుడుతుంది. దానిని వదిలించుకొనడానికి ఆర్జినీన్ అనే అమినో ఆమ్లం కావాలి. ఆ ఆమ్లాన్ని పిల్లి తనకు సరిపడినంత తయారు చేసుకోలేదు. ఏ రోజుకారోజు ఆహారంలోనే రావాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ శాస్త్రవేత్తలు 1978లో ఈ సంగతిని వెల్లడించారు. ఆర్జినీన్ లేని ఆహారం ఒక్కసారి పెట్టినందుకే పిల్లులు కొన్ని గంటలలో వాంతులు చేసుకొని మగతలో పడిపోయాయి.

ఇంతకన్న పెద్ద ప్రమాదం కొవ్వు వలన వస్తుంది. ఆకలిగొన్న ప్రాణి ఏదైనా తన ఒంటి కొవ్వును కరిగించుకొని బ్రతుకుతుంది. కరిగిన కొవ్వు రక్తంలో కలిసి కాలేయానికి చేరుతుంది. పిల్లి కాలేయం ఆ వరదను తట్టుకోలేదు. వచ్చిన కొవ్వును ఖర్చు చేయలేక, బయటికి పంపలేక, తన కణాలలోనే నింపుకొంటుంది. కణాలు ఉబ్బిపోతాయి, పైత్యరసం పారే దారులు మూసుకుపోతాయి. దీనినే వైద్యులు ‘హెపాటిక్ లిపిడోసిస్’ అంటారు. రెండు మూడు రోజులు పూర్తిగా పస్తున్నా, వారం పది రోజులు అరకొరగా తిన్నా ఇది మొదలు కావచ్చు. విచిత్రమేమంటే, బక్క పిల్లి కన్న బొద్దుగా ఉన్న పిల్లికే ముప్పు ఎక్కువ. “ఒంట్లో కండ ఉన్నదిలే, రెండు రోజులు తినకపోతే ఏమి?” అని నిశ్చింతగా ఉండటం ఇందువల్లనే పొరపాటు.

చెవి లోపలి చర్మం, చిగుళ్లు, కంటి తెల్లగ్రుడ్డు పసుపు రంగుకు తిరిగాయంటే కాలేయం అప్పటికే దెబ్బతిన్నదన్న మాట. ఏదో ఒక చిన్న జబ్బు వలన పిల్లి తినడం మానుతుంది. తినకపోవడం వలన కాలేయం చెడుతుంది. కాలేయం చెడినందువలన వికారం పెరిగి మరింతగా తిండి మానుతుంది. మొదటి జబ్బు నయమైనా ఈ రెండవ జబ్బు దానిని వదలదు. దీనికి మందు మరేదో కాదు, ఆహారమే. నోటితో తినలేని పిల్లికి మెడ ప్రక్కన సన్నని గొట్టం అమర్చి, దాని ద్వారా కొద్దికొద్దిగా వారాల తరబడి ఆహారం పంపుతారు. చూడటానికి కష్టంగా ఉన్నా, వేళకు ఈ చికిత్స అందిన పిల్లులలో ఎక్కువ భాగం కోలుకొంటాయి. ఆలస్యమైన వాటిలో కోలుకొనేవి తక్కువ.

కనుక పిల్లిని పెంచేవారు మొదట అడగవలసిన ప్రశ్న “ఎన్నిసార్లు కక్కింది?” అన్నది కాదు, “తిని ఎన్ని గంటలయింది?” అన్నది. పెద్ద పిల్లి 24 గంటలు ఏమీ ముట్టకపోతే వైద్యునికి చూపవలసిందే. పిల్లి కూనల విషయంలో అంతసేపు కూడా ఆగకూడదు, అర్ధదినం చాలు.

కక్కినదంతా వాంతి కాదు

వైద్యుని దగ్గరకు పోగానే ఆయన మొదట తెలుసుకోదలచేది పిల్లి ఎట్లా కక్కిందన్న సంగతి. నిజమైన వాంతికి ముందు పిల్లి పెదవులు నాక్కుంటుంది, చొంగ కారుస్తుంది, అరుస్తూ తిరుగుతుంది. ఆ తరువాత డొక్కలు ఎగసిపడి, కడుపు కండరాలు బిగుసుకొని, లోపలిది బయటికి వస్తుంది. ఈ ప్రయాస ఏమీ లేకుండా, తిన్న కాసేపటికే, అరగని తిండి గొట్టంలో నుంచి జారినట్లు పడిపోతే అది కడుపు జబ్బు కాదు; అన్నవాహికకు సంబంధించినది. మెడ ముందుకు సాచి, నేలకు కరుచుకుపోయి, ఆయాసపడి చివరకు ఏమీ కక్కకపోతే అది దగ్గు, ఉబ్బసం కావచ్చు. సెల్‌ఫోను చేతిలో ఉన్న ఈ రోజులలో ఆ దృశ్యాన్ని అర నిమిషం చిత్రీకరించి వైద్యునికి చూపడం కంటె మంచి సాయం లేదు.

ఇక వెంట్రుకల ఉండ. పిల్లి రోజులో చాలా సేపు ఒళ్లు నాక్కుంటుంది. దాని గరుకు నాలుకకు అంటిన వెంట్రుకలు కడుపులోకి పోతాయి. ఎప్పుడో ఒకసారి వాటిని ఉండగా కక్కి, మరుక్షణం గిన్నె దగ్గరకు పరుగెత్తే పిల్లిని గురించి బెంగపడనక్కరలేదు. కాని వారానికి రెండు మూడు సార్లు కక్కుతూ, నెలల తరబడి సన్నబడుతూ ఉన్న పిల్లి విషయంలో “దానికి అలవాటే” అని సరిపెట్టుకొనడం తగదు. మూడు వారాలకు మించి సాగిన వాంతులను వైద్యులు దీర్ఘవ్యాధి లక్షణంగానే పరిగణిస్తారు.

ఇంటిలో పొంచి ఉన్న శత్రువులు

టికియాపారా వంటి పేటలో పిల్లికి ఎదురయ్యే ప్రమాదాలలో మొదట చెప్పవలసినది దారం. ఏటా సెప్టెంబరు 17 ప్రాంతంలో విశ్వకర్మ పూజ వస్తుంది. కార్మికుల నగరమైన హౌరాలో ఆనాడు యంత్రాలకు సెలవు. మేడల మీద పిల్లలకూ పెద్దలకూ గాలిపటాల పండుగ. మన హైదరాబాదులో సంక్రాంతికి జరిగే సందడి అక్కడ ఆనాడు జరుగుతుంది. మరునాడు తెగిన మాంజా దారం గోడల మీద, తీగల మీద, సందులలో వ్రేలాడుతుంది. కదిలే దారాన్ని చూసి ఆడకుండా ఉండటం పిల్లికి చేతకాదు. దాని నాలుక మీది ముళ్లు లోపలివైపుకు వంగి ఉంటాయి. నోట పడిన దారాన్ని ఉమ్మివేయడం కష్టం; మింగడమే సులువు. పూలదారం, కుట్టుదారం, మాంసం మూటకు కట్టిన పురికొస, అన్నీ ఇటువంటివే.

మింగిన దారం ఒక కొస నాలుక క్రిందనో, కడుపు చివరనో చిక్కుకొంటుంది. రెండవ కొసను ప్రేగులు ముందుకు లాగుతూనే ఉంటాయి. చివరకు ప్రేగు బొందు బిగించిన సంచి మూతివలె ముడుతలు పడిపోతుంది. బిగిసిన దారం ప్రేగు గోడను రంపంలా కోస్తుంది. అందుకనే పిల్లి నోటినుంచి గాని, ఆసనం నుంచి గాని దారం వ్రేలాడుతూ కనిపిస్తే దానిని ఎన్నటికీ లాగరాదు. లాగితే లోపల ప్రేగు తెగవచ్చు. ఉన్నదానిని ఉన్నట్లే ఉంచి వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.

రెండవ శత్రువు మన మందుల డబ్బా. మనిషి జ్వరానికి వాడే పారాసిటమాల్ బిళ్ల పిల్లికి విషం. ఆ మందును నిరపాయంగా మార్చి బయటకు పంపే ఎంజైము పిల్లి కాలేయంలో సరిగా పనిచేయదు. 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం పోవడానికి. చిగుళ్లు గోధుమరంగుకో నీలికో తిరగడం, ముఖమూ పాదాలూ వాయడం, వాంతులు, ఆయాసం దాని లక్షణాలు. నొప్పికి మనం వాడే ఐబుప్రొఫెన్ మొదలైనవి కూడా ప్రమాదకరమైనవే. జబ్బుపడిన పిల్లికి ప్రేమతో మనిషి మందు వేయడం వలన చనిపోయిన పిల్లులు ఎన్నో.

మూడవది పూలు. హౌరా వంతెన మొదట్లో, నదికి కోల్‌కతా వైపున, మల్లిక్ ఘాట్ పూలబజారు ఉన్నది. అక్కడి నుంచి ఇంటికి వచ్చే పూలలో అసలు లిలీ జాతివి ఉంటే జాగ్రత్త. లిలీ ఆకు, రేకు, పుప్పొడి, చివరకు పూలు ఉంచిన కూజాలోని నీరు కూడా పిల్లి మూత్రపిండాలను ధ్వంసం చేస్తాయి. మొదట కనిపించేవి వాంతులు, తిండి మానడం. ఒకటి రెండు రోజులలో పిల్లి కొంచెం తేరుకొన్నట్లు కనిపించి, తరువాత మూత్రమే ఆగిపోతుంది. లిలీని ముట్టుకొన్నదన్న అనుమానం కలిగినప్పుడే చికిత్స మొదలుపెట్టాలి. లక్షణాలకోసం ఎదురుచూస్తే ఆలస్యమవుతుంది. బెంగాలీలు రజనీగంధ అనే మన లిల్లీపూవు పేరుకు లిల్లీయే గాని, కుటుంబం వేరు. దానికి ఈ విషగుణం లేదు.

నేల తుడిచే ఫినాయిలు పిల్లి పాదాలకు అంటి, నాకినప్పుడు లోపలికి పోతుంది. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి పోస్తే వణుకు, మూర్ఛ వస్తాయి. ఎలుకల మందు తిన్న ఎలుకను పిల్లి తినవచ్చు. చేపల కూరలోని ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను చెరుపుతాయి. పచ్చి చేపముక్కలే ఆహారంగా రోజుల తరబడి పెడితే, కొన్ని రకాల చేపలలో ఉండే ఒక ఎంజైము ‘బి-1’ విటమినును నాశనం చేస్తుంది. అప్పుడు మొదట ఆకలి పోతుంది, వాంతులవుతాయి. తరువాత మెడ క్రిందికి వాలి, పిల్లి తూలుతూ నడుస్తుంది. చేపను ఉడికిస్తే ఈ ఎంజైము నశిస్తుంది.

ఒంటిలో దాగిన జబ్బులు

వయసును బట్టి అనుమానించవలసిన జబ్బులు మారుతాయి. టీకా పడని పిల్లి కూన హఠాత్తుగా తిండి మాని, వాంతులు చేసుకొంటూ, త్రాగలేకపోయినా నీళ్లగిన్నె మీద తల వాల్చి కూర్చున్నదంటే ‘పాన్‌ల్యూకోపీనియా’ అనుకోవాలి. ఇది పార్వోవైరసు జాతి వలన వచ్చే అంటువ్యాధి. తెల్ల రక్తకణాలను తుడిచిపెట్టి, ఒకటి రెండు రోజులలోనే ప్రాణం తీయగలదు. ఆ వైరసు ఇంటిలో నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాది వరకు బ్రతికి ఉంటుంది. దీనికి మంచి టీకా ఉన్నది. అది మన దేశంలోనూ దొరుకుతుంది.

నడివయసు పిల్లులలో క్లోమం వాపు, ప్రేగుల వాపు, పైత్యనాళాల వాపు తరచుగా కనిపిస్తాయి; ఒక్కొక్కప్పుడు మూడూ కలిసి వస్తాయి. ఏడెనిమిదేండ్లు దాటిన పిల్లి ఎక్కువగా నీళ్లు త్రాగుతూ, ఎక్కువగా మూత్రం విడుస్తూ, క్రమంగా సన్నబడుతూ, ఉదయంపూట కక్కుతూ ఉంటే మూత్రపిండాల జబ్బో, చక్కెర జబ్బో అయి ఉండవచ్చు. బాగా తింటూనే సన్నబడి, కక్కుతూ, నిలకడ లేకుండా తిరిగే ముసలి పిల్లికి థైరాయిడు గ్రంథి అతిగా పనిచేస్తూ ఉండవచ్చు. ఈ చివరి జబ్బును పిల్లులలో వైద్యులు మొట్టమొదట వర్ణించినది 1979లో. అంతకు ముందు అటువంటి పిల్లులను ‘ముసలితనం’ అన్న మాటతో సరిపెట్టేవారు. ఇవన్నీ రక్తపరీక్షలో తెలిసేవే; చాలావాటికి మందులున్నాయి.

ఒక్క జబ్బును మాత్రం గంటలలో గుర్తించాలి. మగపిల్లి మాటిమాటికి మూత్రానికి కూర్చుని, ముక్కుతూ, చుక్క కూడా రాక, ఆపైన వాంతులు చేసుకొంటున్నదంటే దాని మూత్రనాళం మూసుకుపోయిందన్న మాట. చాలామంది దీనిని మలబద్ధకం అనుకొంటారు. అది అర్ధరాత్రి అయినా సరే, తెల్లవారే దాకా ఆగకూడదు.

కారణం డబ్బాలో ఉన్నప్పుడు

కొన్నిసార్లు కారణం ఇంటిలోనూ ఉండదు, పిల్లి ఒంటిలోనూ ఉండదు. బజారునుంచి కొనితెచ్చిన తిండిలోనే ఉంటుంది. అట్లా జరిగిన ఒక ఉదంతం పిల్లిని పెంచనివారు కూడా తెలుసుకోదగినది.

2007 తొలి నెలలలో ఉత్తర అమెరికాలోని పశువైద్యుల దగ్గరకు ఒకే లక్షణాలతో పిల్లులు రాసాగాయి: వాంతులు, తిండి మానడం, విపరీతమైన దాహం, ఆపైన మూత్రపిండాల వైఫల్యం. విడివిడిగా చూస్తే ప్రతి ఒక్కటీ ‘కారణం తెలియని వాంతి’యే. కెనడాకు చెందిన మెనూ ఫుడ్స్ అనే సంస్థ అనేక ప్రసిద్ధమైన పేర్లతో పెంపుడు జంతువుల ఆహారాన్ని తయారుచేసేది. ఆ సంస్థ జరిపించిన రుచి పరీక్షలలోనే కొన్ని పిల్లులు చనిపోయాయి. మార్చి 16వ తేదీన సంస్థ 6 కోట్లకు పైగా డబ్బాలనూ పొట్లాలనూ వెనక్కు పిలిచింది.

కాని విషమేది? మార్చి 23న న్యూయార్క్ రాష్ట్ర అధికారులు ఎలుకల మందుగా వాడే ఒక రసాయనం దొరికిందన్నారు. ఇతర ప్రయోగశాలలు దానిని ధ్రువపరచలేకపోయాయి. వారం తరువాత, మార్చి 30న, అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ అసలు సంగతి ప్రకటించింది: చైనా నుంచి దిగుమతి అయిన గోధుమ గ్లుటెన్‌లో మెలమిన్ కలిసి ఉన్నది. మెలమిన్ పళ్లేలు, గిన్నెలు తయారుచేసే ప్లాస్టిక్కుకు మూలపదార్థం. దానిలో నైట్రొజన్ ఎక్కువ. ఆహారంలో మాంసకృత్తులు ఎన్ని ఉన్నాయో తేల్చే మామూలు పరీక్ష నైట్రొజన్‌నే కొలుస్తుంది. కనుక చవకరకం పిండిలో మెలమిన్ కలిపితే అది మేలురకంగా లెక్కకు వస్తుంది. మోసం అక్కడ జరిగింది. మెలమిన్‌తో పాటు సయనూరిక్ ఆమ్లం కూడా ఉన్నప్పుడు ఆ రెండూ మూత్రపిండాలలో కలిసి కరగని స్ఫటికాలుగా గడ్డకట్టేవని తరువాతి పరిశోధనలు తేల్చాయి. 2004లో ఆసియా దేశాలలో కుక్కలకు వచ్చిన మూత్రపిండాల జబ్బు కూడా ఇదేనని భద్రపరచిన నమూనాలను మళ్లీ పరీక్షించినప్పుడు బయటపడింది.

కథ అంతటితో ముగియలేదు. మరుసటి ఏడు, 2008లో, చైనాలో పసిపిల్లల పాలపొడిలో అదే మెలమిన్ దొరికింది. సుమారు 3 లక్షలమంది శిశువులు జబ్బుపడ్డారు, ఆరుగురు మరణించారు. అదే మోసం, అదే పరీక్ష, అదే రసాయనం. పిల్లి గిన్నెలో ఏడాది ముందు కనిపించిన ప్రమాదమే పాలసీసాలోకి వచ్చింది. పిల్లిని పసిబిడ్డల దేవతకు వాహనంగా చేసిన బెంగాలీ తల్లులు ఈ సంగతి వింటే ఆశ్చర్యపోకపోవచ్చు.

ఆనాడు ఆ డబ్బాల గుట్టు బయటపడటానికి యజమానుల ఫిర్యాదులు కూడా తోడ్పడ్డాయి. డబ్బా దాచిపెట్టి, దాని మీది సంఖ్యను చూసి చెప్పగలిగినవారు వైద్యులకు ఎంతో మేలు చేశారు. తిండి మార్చిన నాలుగైదు రోజులలో జబ్బు చేస్తే, ఆ డబ్బానూ మిగిలిన తిండినీ పారవేయక దాచి ఉంచడం నేటికీ మంచి అలవాటు.

చేయదగినవి, చేయరానివి

ఒక్కసారి కక్కి, చురుకుగానే ఉండి, మళ్లీ తింటున్న పిల్లిని ఇంటిలో గమనించవచ్చు. నీళ్లు అందుబాటులో ఉంచాలి. ఉప్పు, మసాలా, ఉల్లి తగలకుండా ఉడికించిన కోడిమాంసాన్ని చెంచాడు చొప్పున గంటల వ్యవధితో పెట్టాలి. తిండిని గోరువెచ్చగా చేస్తే వాసన పెరిగి పిల్లికి ఆశ పుడుతుంది. పాలు పోయడం మంచిది కాదు. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు అరగవు.

రోజులో రెండు మూడు సార్లకు మించి కక్కినా, నీళ్లు కూడా నిలవకపోయినా, నెత్తురు కనిపించినా, మూలన దాక్కుని పలకకపోయినా ఆ పూటే వైద్యునికి చూపాలి. మెడ వెనుక చర్మాన్ని మెల్లగా ఎత్తి వదిలినప్పుడు వెంటనే యథాస్థానానికి రాకపోతే ఒంట్లో నీరు తగ్గిందని గుర్తు. చిగుళ్లు జిగురుగా, ఎండిపోయినట్లు ఉన్నా అంతే.

బలవంతాన నోట్లో అన్నం కుక్కరాదు. అది ఊపిరితిత్తులలోకి పోవచ్చు, పైగా పిల్లికి ఆ తిండి మీద శాశ్వతంగా ఏవగింపు కలుగుతుంది. విషం తిన్నదన్న అనుమానంతో ఉప్పునీళ్లు పట్టి కక్కించరాదు. వీధిలో తిరిగే పిల్లి చొంగ కారుస్తూ, మింగలేక, స్వభావం మారి కనిపిస్తే నోట్లో చేయి పెట్టరాదు. పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్ పిల్లులకూ వస్తుంది. అది కరిచినా, గీరినా సబ్బుతో, ధారగా పోసిన నీటితో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి పోవాలి.

బయలుదేరే ముందు ఒక కాగితం మీద అయిదు సంగతులు వ్రాసుకోండి: చివరిసారి ఎప్పుడు, ఏమి తిన్నది, ఎన్నిసార్లు, ఏ రంగులో కక్కింది, మూత్రం, విరేచనం ఎప్పుడయ్యాయి, ఇంటిలో దారం, సూది, పూలు, మందులలో ఏవి మాయమయ్యాయి, టీకాలు ఎప్పుడు వేయించారు. ఈ కాగితం ఉంటే వైద్యుని పని సగం అయినట్లే.

వైద్యుని బల్ల మీద

టికియాపారా నుంచి హౌరా వంతెన దాటి ఉత్తర కోల్‌కతాకు పోతే బెల్గాచియా వస్తుంది. బెంగాల్ పశువైద్య కళాశాల 1893లో అక్కడే వెలిసింది. 1995లో ఏర్పడిన పశ్చిమ బెంగాల్ పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయం దాని వారసురాలు. తెలుగువారికి హైదరాబాదు రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో పశువైద్య కళాశాలలున్నాయి. కళాశాలలకు అనుబంధంగా ఉండే ఇటువంటి వైద్యశాలలలో ఖర్చు సాధారణంగా ప్రైవేటు చికిత్సాలయాల కన్న తక్కువ. అనుభవజ్ఞులైన ఆచార్యుల సలహా అదనపు లాభం. పశువైద్యశాల అంటే ఆవులకూ గేదెలకూ మాత్రమే అన్న సంకోచం అక్కరలేదు.

వైద్యుడు మొదట పిల్లి నాలుకను ఎత్తి చూస్తాడు. అక్కడ దారం చిక్కుకొని ఉండవచ్చు. కడుపు తడిమి ప్రేగుల తీరు తెలుసుకొంటాడు. బరువు తూస్తాడు, పాత బరువు తెలిస్తే ఈ ఒక్క అంకె ఎంతో చెబుతుంది. తరువాత రక్తం, మూత్రం పరీక్షలు, ఎక్స్-రే, అల్ట్రాసౌండు. ఈలోగా సెలైను ఎక్కించి, వికారం తగ్గించే సూదిమందు ఇస్తాడు. చాలా పిల్లులు వికారం తగ్గగానే తమంత తామే గిన్నె దగ్గరకు నడుస్తాయి.

ఇన్ని చేసినా ఒక్కొక్కప్పుడు కారణం దొరకదు. అది వైద్యుని అసమర్థత కాదు. రక్తపరీక్షలో ప్రేగు గోడ కనిపించదు. ఎక్స్-రేలో దారం కనిపించదు. అప్పుడు వైద్యుడు కొన్ని వారాలు ఒకే రకమైన కొత్త ఆహారం పెట్టించి చూస్తాడు. ప్రేగు ముక్కను తీసి పరీక్షించవలసి రావచ్చు. యజమానికి ఇక్కడే ఓపిక నశిస్తుంది. కాని పేరు తెలియని జబ్బుకు కూడా చేయగల మేలు ఒకటి ఉన్నది: వికారాన్ని అణచడం, నీటిని భర్తీ చేయడం, ఏ దారినయినా ఆహారం అందించడం. ఈ మూడూ సాగుతూ ఉంటే కారణాన్ని వెదకడానికి వ్యవధి చిక్కుతుంది. ఆహారం ఆగిపోతే ఆ వ్యవధే ఉండదు.

పిల్లి తన నొప్పిని దాచుకొనే ప్రాణి. అడవిలో జబ్బు బయటపెట్టిన జంతువు మరొక జంతువుకు ఆహారమవుతుంది. ఆ భయం ఇంటి పిల్లి నెత్తురులో ఇంకా మిగిలి ఉన్నది. అది మూలుగదు, కాళ్లు పట్టదు. చెప్పగలిగినదంతా ఆ నిండుగిన్నెతోనే చెబుతుంది. ఆ గిన్నె ఎన్ని గంటలుగా నిండుగా ఉన్నదో లెక్కపెట్టండి.